కూలబడటం వేరు, కూర్చోవడం వేరు

తెనాలిలో మా పెద్దమ్మ కుర్చీలోంచి లేవాలంటే ఒక తంతు జరిగేది. ఆయాగా పనిచేసే అమ్మాయి ఎదురుగా నిలబడి, చంకల కింద చేతులు పెట్టి, "ఒకటీ... రెండూ..." అంటూ పైకి లేపేది. పెద్దమ్మ కాళ్లు నేలకు ఆనేవే గానీ పని చేసేవి కావు. కూర్చునేటప్పుడు మరీ అన్యాయం, సగం దూరం వంగి అక్కడినుంచి దభీమని కూలబడేది. 83 ఏళ్ల మనిషిని అంత భద్రంగా చూసుకుంటున్నందుకు ఆ అమ్మాయిని ఇంటిల్లిపాదీ మెచ్చుకునేవాళ్లం. పెద్దమ్మ రోజుకు పదిసార్లు చేయాల్సిన వ్యాయామాన్ని ఆమె బదులు తానే చేసేస్తోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

కండను పోషించడం శరీరానికి ఖర్చుతో కూడిన పని. వాడకం లేని కండను అది ఎక్కువ రోజులు నిలబెట్టుకోదు. 2007లో అమెరికా పరిశోధకులు సగటున 67 ఏళ్ల వయసున్న కొద్దిమందిని 10 రోజుల పాటు మంచం మీదే ఉంచి చూశారు. వాళ్లెవరికీ జబ్బు లేదు, తిండికి లోటు లేదు. అయినా 10 రోజుల్లో ఒక్క కాళ్లలోనే సుమారు కిలో కండ తరిగిపోయింది. ఇక జ్వరంతోనో ఆపరేషన్‌తోనో రెండు వారాలు మంచాన పడ్డ 80 ఏళ్ల మనిషి సంగతి ఊహించుకోవచ్చు. "జ్వరం తగ్గింది గానీ అప్పటినుంచి లేవలేకపోతోంది" అని మనం తరచూ వింటాం. ఆ నష్టంలో మంచం వాటాను కూడా వయసు ఖాతాలోనే రాసేస్తాం.

వృద్ధుల్లో ఈ వడలిపోవడాన్ని కొలవడానికి 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ నీరసం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు ఉంటే ఆ మనిషి వడలినట్టు. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. పెద్దమ్మకు నా లెక్కన నాలుగు ఉన్నాయి.

ఇంత వడలిన శరీరం మళ్లీ పుంజుకుంటుందా? ఈ ప్రశ్నకు బోస్టన్‌లో డాక్టర్ మరియా ఫియాటరోన్ బృందం 1990లో చెప్పిన జవాబు వింటే నమ్మబుద్ధి కాదు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న, దాదాపు 90 ఏళ్ల వయసున్న 10 మంది చేత ఎనిమిది వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించిన అంకె ఇంకొకటి ఉంది. బలం అంత పెరిగినా, తొడలో కండ పెరిగింది 9 శాతమే. మరి మిగతా బలం ఎక్కడిది?

ప్రధానంగా నరాలది. వెన్నుపాము నుంచి బయలుదేరే ఒక్కొక్క నరకణం కండలోని కొన్ని పోగులను ఆడిస్తుంది. వయసుతో ఈ నరకణాలు కొన్ని చనిపోతాయి. వాటి కింద ఉన్న పోగులు అనాథలవుతాయి. కొన్నిటిని పక్క నరం దత్తత తీసుకుంటుంది, తీసుకోనివి ఎండిపోతాయి. మిగిలిన నరాలకు కూడా పని తగిలి చాలా కాలమై ఉంటే, పోగులన్నిటినీ ఒక్కసారిగా కూడగట్టే అలవాటు తప్పుతుంది. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో తిరిగి వచ్చేది ముందుగా ఈ అలవాటే. కండ తర్వాత నెమ్మదిగా వస్తుంది. అందుకే మూడు వారాలకే "కాళ్లలోకి ఏదో వచ్చినట్టుంది" అని పెద్దవాళ్లు అంటే అది భ్రమ కాదు.

ఒక మాట దాచకూడదు. బోస్టన్‌లో చేయించింది సున్నితమైన వ్యాయామం కాదు, ఒక్కొక్కరు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం ఎత్తించారు, అదీ నిపుణుల కళ్ల ముందు. ఇంట్లో అది కుదరదు. ఇంట్లో ఏది కుదురుతుందో చూసినవాళ్లు చికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన నవోకో మురమత్సు బృందం. ప్రభుత్వ సాయంతో వృద్ధుల ఇళ్లకు వెళ్లి వంట, స్నానం, బట్టల పని చూసే సహాయకులకు వాళ్లు మూడే మూడు కదలికలు నేర్పారు. కూర్చున్న చోటే అడుగులు వేయడం, మోచేతులు మడిచి చాచడం, పాదాలను కిందికీ పైకీ ఆడించడం. అంతే. చిన్న ప్రయత్నం కాబట్టి దాని అంకెల మీద నేను ఎక్కువ భారం వేయను. అందులోని ఆలోచన మాత్రం నాకు నచ్చింది. ఫిజియోథెరపిస్టు వారానికి ఒకటి రెండు సార్లు వచ్చి ముప్పావుగంట ఉంటారు. సహాయకురాలు రోజూ వచ్చే మనిషి, పెద్దావిడ ఏ కాలు ఈడుస్తోందో, ఏ పూట చిరాకుగా ఉంటుందో ఎరిగిన మనిషి.

పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో, తల్లిదండ్రులు ఊళ్లోనో ఉండే మన ఇళ్లలో కూడా ఇప్పుడు అలాంటి మనిషి ఉంటోంది. మనం ఆమెకు అప్పగించే పనులన్నీ "చేసి పెట్టడం" కిందికే వస్తాయి. పక్కన నిలబడి చేయనివ్వడం పని కిందే లెక్కకు రాదు. పైగా చేసి పెడితే నిమిషంలో అయ్యే పనికి, చేయనిస్తే ఐదు నిమిషాలు పడుతుంది. వీడియో కాల్లో చూస్తున్న కూతురికి అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది కూడా.

పెద్దమ్మ విషయంలో మేం కుర్చీతో మొదలుపెట్టాం. ప్లాస్టిక్ కుర్చీ తీసేసి, చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి వేశాం. కుర్చీ ఎంత ఎత్తుంటే లేవడం అంత తేలిక. అందుకని బొంతను నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పరిచాం. ఫిజియోథెరపిస్టు చెప్పిన కిటుకు ఏమిటంటే, ముందు కుర్చీ అంచుకు జరగాలి, పాదాలను మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాగాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి అప్పుడు లేవాలి. నిటారుగా కూర్చుని లేవబోతే ఎంత బలవంతుడైనా వెనక్కే పడతాడు. మీరే ప్రయత్నించి చూడండి. కూర్చునేటప్పుడు మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగాలి. అలా దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువును ఆపుతుంది. కండను గట్టిపరిచే పనుల్లో అదొకటి. కూలబడితే ఆ లాభం పోతుంది, వెన్నుపూస మీద దెబ్బ అదనం. బొంత మడత ఒక్కొక్కటీ తీస్తూ పోవడమే మా ఇంట్లో బరువు పెంచడం.

పొద్దున్నే మంచం దిగే ముందు పాదాలు ఆడించడం రెండోది. పడుకున్న మనిషి లేవగానే రక్తం కాళ్లలోకి జారుతుంది. పడుచు వయసులో రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని సర్దుకుంటాయి, పెద్ద వయసులో ఆలస్యం చేస్తాయి. లేచిన మూడు నిమిషాల్లో పై రక్తపోటు 20 పాయింట్లు పడిపోతే డాక్టర్లు దాన్ని జబ్బుగానే చూస్తారు. కళ్లు తిరిగి బాత్‌రూం దారిలో పడేది ఇలాంటప్పుడే. పిక్క కండ బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. పక్క మీద కూర్చుని ఇరవైసార్లు పాదాలాడించి, ఒక నిమిషం ఆగి లేవడానికి అర్థం అదీ.

చేతులకు అరలీటరు నీళ్ల సీసాలు చాలు, అర కిలో బరువు తూగుతాయి. ఊపిరి బిగపట్టకూడదు. మాట్లాడుతూ చేయగలిగినంత జోరే సరైన జోరు. ఎముకలు గుల్లబారిన వాళ్లు వెన్నును గూనిలా ముందుకు వంచే వ్యాయామాల జోలికి పోకూడదు. ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఎన్నడూ లేని ఆయాసం వస్తే అక్కడితో ఆపి డాక్టరుకు చెప్పాలి. మొదలుపెట్టే ముందు కూడా ఒకసారి అడగడం మంచిది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా చూడటం, టైల్స్ మీద మేజోళ్లతో నడవనివ్వకపోవడం ఏ పుస్తకంలో లేకపోయినా నేను చేరుస్తాను.

తిండి మాట ఒక్కటి. పాలల్లో పొడి కలిపి తాగిస్తే బలం వస్తుందని మా పెదనాన్నగారి నమ్మకం. అదే బోస్టన్ బృందం 1994లో 100 మందితో చేసిన రెండో అధ్యయనంలో, వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే ఇచ్చిన వాళ్లకు బలం పెరగలేదు. పప్పు, పెరుగు, గుడ్డు తప్పకుండా కావాలి. కాకపోతే వాటిని ఎక్కడికి పంపాలో కండకు తెలియాలంటే, కండకు పని ఉండాలి.

చేతులు కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు కూర్చుని లేవగలరనేది వృద్ధులకు పెట్టే ఒక పరీక్ష. 80 నుంచి 84 ఏళ్ల ఆడవాళ్లు తొమ్మిది కంటే తక్కువసార్లు లేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతుల ఆసరా తీసుకుంటే సున్నా. మొదటి రోజు పెద్దమ్మకు సున్నా వచ్చింది. నాలుగు నెలలు గడిచాయి. బొంత ఒక్క మడతకు వచ్చింది, లెక్క నాలుగుకు చేరింది. మూడోసారి లేచేటప్పుడు కాళ్లు వణుకుతాయి. అది చూసి ఫోనులోంచి మా అక్క "పట్టుకో, పట్టుకో" అని అరుస్తుంది. ఆ అమ్మాయి చేతులు పెద్దమ్మ నడుముకు రెండు పక్కలా జానెడు దూరంలో సిద్ధంగా ఉంటాయి, తాకవు. "ఉండండక్కా, అమ్మగారు లేస్తున్నారు" అంటుంది.