కాలం మీదికి నెట్టిన తప్పు: స్వీడన్‌లో నిర్బంధ ఆపరేషన్ల నేపథ్యం

"అప్పటి కాలమే అలాంటిది" అనాల్సినప్పుడు స్వీడన్ జనం వాడే మాట 'టీడ్సాండా', అంటే యుగధోరణి. హెర్డర్ వంటి జర్మన్ తాత్త్వికుల దగ్గర 18వ శతాబ్దంలో మొదలైన భావన ఇది. పిల్లలు పుట్టకుండా చేసిన నిర్బంధ ఆపరేషన్ల గురించి 1997 ఆగస్టులో డాగెన్స్ నీహెటెర్ పత్రికలో పాత్రికేయుడు మచెయ్ జరెంబా వ్యాసాలు వచ్చాక, ఈ జవాబు ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవాల్సి వచ్చింది.

యుగధోరణి ఉన్న మాట నిజమే. ఉప్సాలాలో జాతి జీవశాస్త్ర సంస్థ (మనుషుల్ని జాతి, వంశలక్షణాల బట్టి వర్గీకరించే పరిశోధనకు) పెట్టాలని 1921లో పార్లమెంటు తీర్మానించినప్పుడు వామపక్షం, కుడిపక్షం రెండూ మద్దతిచ్చాయి. మరుసటి ఏడాది హెర్మన్ లుండ్‌బోర్గ్ దానికి అధిపతి అయ్యాడు. డెన్మార్క్ 1929లో, నార్వే 1934లో, ఫిన్లాండ్ 1935లో ఇలాంటి ఆపరేషన్లను అనుమతించే చట్టాలు చేశాయి. కానీ అదే కాలంలో, 1931లో, బ్రిటన్ పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు వీగిపోయింది. నెదర్లాండ్స్ అసలు చట్టమే చేయలేదు. కాలం ఒకటే, నిర్ణయాలు వేరు. కాబట్టి చూడాల్సింది గాలి ఎటు వీచిందని కాదు, కాగితం ఎవరి చేతుల మీదుగా నడిచిందని.

స్వీడన్‌లో 1935లో అమల్లోకి వచ్చిన చట్టం, మానసిక స్థితి వల్ల సమ్మతి ఇవ్వలేరని తేల్చినవారికి వారి అనుమతి లేకుండానే ఆపరేషన్ చేయనిచ్చింది. 1941 చట్టం పరిధిని పెంచి, 'సంఘవిరుద్ధ జీవనం' గడిపేవారినీ చేర్చింది. దరఖాస్తులు స్టాక్‌హోమ్‌లోని ఆరోగ్య బోర్డుకు వెళ్లేవి. అసలు ఒత్తిడి ఆ ఫారం నింపించేచోటే ఉండేది. తమను ఉంచిన మానసిక వైద్యశాల వంటి సంస్థ నుంచి విడుదల కావాలన్నా, గర్భస్రావానికి అనుమతి కావాలన్నా, కొందరికి పెళ్లికి అనుమతి కావాలన్నా ముందు ఆపరేషన్‌కు ఒప్పుకోవాలనేవారు. ఇలా తీసుకున్న సంతకాలు రికార్డులో స్వచ్ఛంద సమ్మతిగానే కనిపిస్తాయి. బలవంతపు కేసులెన్నో కచ్చితంగా లెక్కతేలకపోవడానికి ఇదే ప్రధాన కారణం. 1935–75 మధ్య మొత్తం ఆపరేషన్లు దాదాపు 63,000. నిజంగా కోరి చేయించుకున్నవారూ ఇందులో ఉన్నారు. 90 శాతానికి పైగా స్త్రీలే.

25 ఏళ్లు నిండినవారి సొంత కోరిక మీదే ఆపరేషన్ అన్న నియమం 1976లో అమలైంది. 1999 చట్టం ఒక్కో బాధితురాలికి, బాధితుడికి 1,75,000 క్రోనర్లు ఇచ్చింది.

అయితే అధికారిక పత్రాల్లో లింగం మార్చుకోవాలంటే సంతానశక్తి ఉండకూడదని 1972లో పెట్టిన షరతు 2013 దాకా నిలిచింది. ఆ ఏడాదికి జరెంబా వ్యాసాలు వచ్చి పదహారేళ్లు. దీన్ని 1930ల ధోరణి అని సరిపెట్టుకోవడం కుదరదు. ఈ బాధితులకు 2,25,000 క్రోనర్ల పరిహారం 2018లో గానీ మంజూరు కాలేదు.