45 నిమిషాల మాట, ఇరవయ్యేళ్ల అపనమ్మకం

2002 సెప్టెంబర్ 19న బ్రిటన్ ప్రధాని కార్యాలయంలో ఒక ఈమెయిల్ అటూ ఇటూ తిరిగింది. రాసింది టోనీ బ్లెయిర్ కుడిభుజం జొనాథన్ పావెల్. అందుకున్నది ప్రభుత్వ ప్రచారమంతా తన చేతిమీదుగా నడిపే అలస్టెయిర్ క్యాంప్‌బెల్. ఇరాక్ ఆయుధాల గురించి సర్కారు ఒక నివేదిక విడుదల చేయబోతోంది. పావెల్ అడిగింది సూటిగా ఉంది: ఆ రోజు 'ఈవెనింగ్ స్టాండర్డ్' హెడ్డింగ్ ఏమవుతుంది? ఏమవ్వాలని మనం అనుకుంటున్నాం?

ఐదు రోజులకు, సెప్టెంబర్ 24న, నివేదిక వచ్చింది. ఆ సాయంత్రం స్టాండర్డ్ బ్యానర్: 'దాడికి 45 నిమిషాలే'. మర్నాడు 'సన్' పత్రిక ఇంకో మెట్టెక్కింది. సైప్రస్‌లో ఉన్న బ్రిటిష్ వాళ్లు వినాశనానికి 45 నిమిషాల దూరంలో ఉన్నారని అచ్చేసింది. సద్దాం హుస్సేన్ ఆదేశిస్తే చాలు, ముప్పావుగంటలో రసాయన క్షిపణులు వచ్చి పడతాయని మామూలు పాఠకుడికి అర్థమైంది. అలా అర్థం కావాలనే రాశారా అన్నది తర్వాతి మాట. అర్థమైతే మాత్రం అలాగే అయింది.

అసలు సమాచారం వేరు. ఆ 45 నిమిషాల సంగతి యుద్ధరంగంలో వాడే తక్కువ దూరపు ఆయుధాలకు సంబంధించింది. సైప్రస్ దాకా వచ్చే క్షిపణులకు దానితో పని లేదు. అది కూడా ఒకరు చెప్పగా విన్నానని ఇంకొకరు చెప్పిన మాట. రక్షణ శాఖ నిఘా విభాగంలో రసాయన, జీవ ఆయుధాల నిపుణుడు బ్రయన్ జోన్స్, నివేదికలో వాడిన భాష ఉన్న ఆధారాలను మించిపోయిందని లిఖితపూర్వకంగానే అభ్యంతరం చెప్పాడు. ఆ కాగితం ఫైల్లో ఉండిపోయింది. రక్షణ మంత్రి జెఫ్ హూన్‌కు అది యుద్ధరంగ ఆయుధాల సంగతేనని తెలుసు. పత్రికలు తప్పు రాశాయనీ తెలుసు. అయినా సవరణ ఇవ్వలేదు. ఇది ఎవరో కిట్టనివాళ్లు అన్న మాట కాదు, ఆయనే తర్వాత విచారణలో చెప్పుకున్నాడు.

పాలకులు చెప్పే మాటను, పత్రికలు రాసే రాతను, విదేశాంగ విధానాన్ని బ్రిటన్ జనం ఇవాళ ఒకే గాటన కట్టి ఎందుకు అనుమానిస్తున్నారో తెలియాలంటే ఈ నివేదిక దగ్గర మొదలెట్టాలి. దీని వెనక ఇంకో కథ ఉంది. అది కొంచెం చూసి వద్దాం.

1956 అక్టోబర్‌లో ప్యారిస్ పక్కనున్న సెవ్ర్‌లో ఒక విల్లాలో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ రహస్యంగా కూర్చున్నాయి. ముందు ఇజ్రాయెల్ ఈజిప్టు మీద పడాలి, ఆ వంకతో మిగతా ఇద్దరూ శాంతి కాపాడతామంటూ సూయజ్ కాలువ దగ్గర దిగాలి, ఇదీ ఒప్పందం. ఒప్పందం కాగితం మీదకెక్కిందని తెలిసి బ్రిటన్ ప్రధాని ఆంథొనీ ఈడెన్‌కు ముచ్చెమటలు పట్టాయి. ప్రతులు చింపేయించమని అధికారుల్ని మళ్లీ ప్యారిస్ పంపాడు. ఫ్రెంచి వాళ్లు వినలేదు. ఇజ్రాయెల్ ప్రధాని బెన్ గురియన్ ప్రతి ఇజ్రాయెల్లో భద్రంగా ఉండిపోయింది. డిసెంబర్ 20న ఈడెన్ కామన్స్ సభలో లేచి, ఇజ్రాయెల్ దాడి చేస్తుందని మాకు ముందుగా తెలియదని చెప్పాడు. శుద్ధ అబద్ధం. అయితే ఆ కాలంలో బీబీసీ తలవంచలేదు. ప్రభుత్వం ఎంత ఒత్తిడి పెట్టినా ప్రతిపక్ష నేత హ్యూ గెయిట్‌స్కెల్ జవాబు ప్రసంగాన్ని నవంబర్ 4న ప్రసారం చేసింది. ఈడెన్ 1957 జనవరిలో అనారోగ్యం కారణంగా దిగిపోయాడు. ఏమైనా దిగాడు. 2003 తర్వాత జరిగినదానికి తేడా ఇక్కడే ఉంది.

2003 ఫిబ్రవరిలో క్యాంప్‌బెల్ బృందం ఇంకో నివేదిక విలేకరులకు పంచింది. అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో దాన్ని మెచ్చుకున్నాడు కూడా. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పే గ్లెన్ రంగ్‌వాలాకు దాన్ని చదువుతుంటే ఎక్కడో చదివినట్టే అనిపించింది. తీరా చూస్తే ఇబ్రహీం అల్ మరాషీ అనే పరిశోధక విద్యార్థి వ్యాసంలోంచి పేజీలకు పేజీలు ఎత్తేశారు. అచ్చుతప్పులు కూడా దిద్దకుండా దించేశారు. ఎత్తినచోటల్లా అలాగే ఉంచారా అంటే అదీ లేదు. శత్రుదేశాల్లోని 'ప్రతిపక్ష వర్గాలకు సాయం' అని అసలు వ్యాసంలో ఉంటే నివేదికలో అది 'ఉగ్రవాద సంస్థలకు మద్దతు' అయింది. విదేశీ రాయబార కార్యాలయాల మీద 'కన్నేసి ఉంచడం' కాస్తా 'గూఢచర్యం' అయింది. కాపీ కొట్టే పిల్లవాడికి కూడా అంత తెగింపు ఉండదు. ఫిబ్రవరి 6న ఛానల్ 4 ఈ బండారం బయటపెట్టింది.

వారం దాటగానే, ఫిబ్రవరి 15న, లండన్ వీధులు నిండిపోయాయి. పోలీసుల లెక్క ఏడున్నర లక్షలు, నిర్వాహకుల లెక్క 20 లక్షల దాకా. ఆ దేశం అంత పెద్ద ఊరేగింపు చూడలేదు. మార్చి 7న అటార్నీ జనరల్ గోల్డ్‌స్మిత్ 13 పేజీల న్యాయ సలహా ఇచ్చాడు. సమితి నుంచి ఇంకో తీర్మానం తెచ్చుకోవడమే క్షేమం అన్నది దాని సారం. పది రోజులకే పార్లమెంటు ముందుకొచ్చిన ఆయన సమాధానం ఒక పేజీలో ఒదిగింది. ఆ గుంజాటన అందులో ఎక్కడా లేదు. పూర్తి సలహా జనం కంటపడింది 2005 ఏప్రిల్లో. యుద్ధం వద్దంటూ 2003 మార్చి 17నే మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేశాడు. మర్నాడు, మార్చి 18న, ఓటింగ్‌లో 412 మంది యుద్ధానికి సరే అన్నారు, 149 మంది కాదన్నారు. దానికి కాస్త ముందు, యుద్ధానికి కారణం ఇంకా రుజువు కాలేదన్న సవరణకు అధికార లేబర్ పార్టీలోనే 139 మంది ఓటేసి ఎదురుతిరిగారు. ప్రతిపక్ష కన్జర్వేటివ్‌లలో ఎక్కువమంది మాత్రం ప్రభుత్వానికే ఓటేశారు.

పత్రికల సంగతి చెప్పాలంటే 'మిర్రర్' లాంటివి గట్టిగానే వద్దన్నాయి. రూపర్ట్ మర్డాక్ పత్రికలు అన్ని ఖండాల్లోనూ ఒకే రాగం తీశాయి. దాడికి ముందు తొమ్మిది రోజుల వ్యవధిలో బ్లెయిర్, మర్డాక్ మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారని సమాచార హక్కు కింద 2007లో బయటికొచ్చింది. ఏం మాట్లాడుకున్నారో రాలేదు.

మనకూ ఈ యుద్ధపు సెగ కొంచెం తగిలింది. బాగ్దాద్ పడ్డాక సైన్యాన్ని పంపమని అమెరికా ఢిల్లీని అడిగింది. తర్జనభర్జన పడి 2003 జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదంది.

అదే వారం బ్రిటన్‌లో ఒక విషాదం జరిగింది. దాని మొదలు అంతకు ముందే ఉంది. మే 29న పొద్దున ఆరు దాటిన ఏడు నిమిషాలకు బీబీసీ రేడియో 'టుడే' కార్యక్రమంలో విలేకరి ఆండ్రూ గిలిగన్ ఇంటి నుంచి లైవ్‌లో మాట్లాడుతూ, 45 నిమిషాల మాట తప్పని ప్రభుత్వానికి బహుశా ముందే తెలుసు అనేశాడు. ముందుగా రాసుకున్న ముక్క కాదది. నివేదికకు మసాలా అద్దారన్నది నిలబడే ఆరోపణ. తెలిసి తెలిసి అబద్ధం పెట్టారన్నదానికి ఆయన దగ్గర అంత ఆధారం లేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని సర్కారు బీబీసీ మీద పడింది. గిలిగన్‌తో మాట్లాడింది జీవాయుధాల నిపుణుడు డేవిడ్ కెల్లీ. ఆయన పేరు ప్రభుత్వం ప్రకటించలేదు, అలాగని దాచనూ లేదు. విలేకరులు పేరు చెప్పి అడిగితే అవుననమని రక్షణ శాఖ ప్రెస్ ఆఫీసుకు చెప్పిపెట్టారు. 'టైమ్స్' వాళ్లు ఇరవై పేర్ల దాకా అడిగి అడిగి కెల్లీ దగ్గరికొచ్చారు. జూలై 15న పార్లమెంటు కమిటీ ముందు కూర్చోబెట్టారు. ఎండాకాలం, కిక్కిరిసిన గది. ఆయన గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, వినబడ్డం కోసం ఫ్యాన్లు ఆపాల్సి వచ్చింది. 18న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఇంటికి కొంత దూరంలో ఆయన మృతదేహం దొరికింది.

కెల్లీ మరణం మీద జడ్జి హటన్ జరిపిన విచారణలోనే పైన చెప్పిన ఈమెయిళ్లు బయటపడ్డాయి. జనం వాటిని నెట్‌లో కూర్చుని చదువుకున్నారు. ఆధారాలు కళ్లముందు పెట్టి, తీర్పు ఇంకోవైపు చెబితే ఎలా ఉంటుందో 2004 జనవరి 28న తెలిసింది. కెల్లీది ఆత్మహత్యేనని, సర్కారు దురుద్దేశంతో ఏమీ చేయలేదని, తప్పంతా బీబీసీదని హటన్ నివేదిక తేల్చింది. బీబీసీ ఛైర్మన్ గేవిన్ డేవిస్ ఆ రోజే, డైరెక్టర్ జనరల్ గ్రెగ్ డైక్ మర్నాడు, గిలిగన్ ఆ మర్నాడు కుర్చీలు ఖాళీ చేశారు. సంస్థ బేషరతుగా క్షమాపణ చెప్పింది. 1956 నాటి బీబీసీ కాదది. 'ఇండిపెండెంట్' మొదటి పేజీ దాదాపు మొత్తం తెల్లగా వదిలేసి, సున్నం పూశారా, అంటే తప్పులు కప్పిపుచ్చారా అని చిన్న అక్షరాల్లో అడిగింది.

నా లెక్కలో అపనమ్మకం గడ్డకట్టింది ఈ మూడు రోజుల్లోనే. నిఘా సమాచారం తప్పవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే, జనం దాన్ని ఏదోలా మింగేవారు. మింగుడుపడనిది ఏమిటంటే, ప్రశ్న అడిగిన ముగ్గురూ ఇంటికి పోయారు. నివేదిక తయారీకి బాధ్యత వహించిన నిఘా కమిటీ అధ్యక్షుడు జాన్ స్కార్లెట్ అదే ఏడాది విదేశీ గూఢచార సంస్థ ఎంఐ6 అధిపతి అయ్యాడు. జూలైలో, నిఘా సమాచారం మీద విచారణ జరిపిన బట్లర్ కమిటీ, 45 నిమిషాల మాట దేని గురించో చెప్పకుండా పెట్టడం తప్పంది. అయినా స్కార్లెట్ పదవికి ఢోకా లేదంది. ఇరాక్‌లో ఆయుధాల నిల్వలు లేవని ఆ శరదృతువులో అమెరికా సొంత అన్వేషకులే తేల్చారు. అక్టోబర్ 12న ఆ 45 నిమిషాల సమాచారాన్ని ఎంఐ6 వెనక్కి తీసుకుందని విదేశాంగ మంత్రి సభలో చెప్పాడు. అప్పటికి బాగ్దాద్ పడి ఏడాదిన్నర. 2005లో బ్లెయిర్ 35 శాతం ఓట్లతో మళ్లీ గెలిచాడు.

తర్వాత ఎంపీల దొంగబిల్లులు (2009), మర్డాక్ పత్రిక ఫోన్ హ్యాకింగ్ (2011) తోడయ్యాయి. అన్నీ ఇరాక్ ఖాతాలో వేయడం సరికాదు. కానీ విదేశీ విధానంలో ప్రతిసారీ ఇరాక్ అడ్డొచ్చేది. 2013 ఆగస్టులో సిరియాలో రసాయన దాడి నిజంగానే జరిగింది. ప్రభుత్వం నిఘా అంచనా సభ ముందుంచితే, ఇలాంటి కాగితం ఇంతకుముందు చూశాం అన్నట్టు 285-272 తేడాతో ఓడించారు.

చివరికి ఇరాక్ యుద్ధం మీద సర్ జాన్ చిల్కాట్ విచారణ. 2009లో మొదలై 2016 జూలై 6న ముగిసింది. 12 సంపుటాలు, 26 లక్షల మాటలు. 2002 జూలైలోనే బ్లెయిర్ 'ఏమైనా సరే మీతో ఉంటాను' అని బుష్‌కు రాసిన చీటీ అందులో ఉంది. ఆధారాలకు లేని కచ్చితత్వాన్ని మాటల్లో చూపారని చిల్కాట్ తేల్చాడు. ఎంఐ6కు ఒక వేగు గాజు గోళాల్లో రసాయనాలు నింపుతున్నారని చెబితే, అది ఒక హాలీవుడ్ సినిమాలో చూపిన తప్పుడు వర్ణనలా ఉందని అప్పట్లోనే ఎవరో గమనించారట. అదీ అందులో ఉంది. 179 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. 2009 నాటికి కనీసం లక్షన్నర మంది ఇరాకీలు, అందులో ఎక్కువమంది సామాన్యులు. యుద్ధానికి దింపిన నేతల్లో ఎవరి మీదా కేసు లేదు.

2024లో వచ్చిన బ్రిటిష్ సోషల్ యాటిట్యూడ్స్ సర్వేలో, ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత పార్టీకన్నా దేశం మేలు ముందు చూస్తుందని దాదాపు ఎప్పుడూ నమ్మం అన్నవాళ్లు 45 శాతం. అంతమంది అలా అనడం అదివరకు లేదు.

2022 కొత్త సంవత్సరానికి బ్లెయిర్‌కు రాణి అత్యున్నత నైట్ బిరుదు ఇచ్చింది. అది వెనక్కి తీసుకోమని పది లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి. ఆ సంతకాల వేడి చల్లారకముందే, జనవరి 22న, కీవ్‌లో తన మనిషిని గద్దెనెక్కించాలని రష్యా చూస్తోందని అదే బ్రిటన్ విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆధారాలు చూపలేదు. ఫిబ్రవరి 3న వాషింగ్టన్‌లో అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి, దాడికి సాకుగా రష్యా ఒక దొంగ వీడియో తీయబోతోందని చెబితే, ఆధారమేదని నిలదీసిన విలేకరి గుర్తుచేసింది ఇరాక్ ఆయుధాలనే. ప్రతినిధి ఆధారం మాత్రం చూపలేదు. మూడు వారాలకు, ఫిబ్రవరి 24న, రష్యా సైన్యం ఉక్రెయిన్ సరిహద్దు దాటింది.