చెట్టుకు అంకె ఉంది, బదనికకు లేదు

రోడ్డు వెడల్పు కోసం పాత చింతమానులకు రంగుతో అంకెలు వేసినప్పుడల్లా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత వాదనే మళ్లీ మొదలవుతుంది. కొట్టిన మానుకు బదులు మొక్కలు నాటుతున్నాం కదా అని ఒక పక్షం అంటుంది. మాను మీద బతుకుతున్న బదనిక మాటేమిటని రెండో పక్షం అడుగుతుంది.

ఇక్కడ బదనిక అంటే మామిడి రైతులు కోసి పారేసే పరాన్నజీవి కాదు. అది కొమ్మలోకి వేళ్లు దింపి సారం లాగుతుంది. ఈ వాదనలోని బదనిక ఒక అడవి ఆర్కిడ్, వాండా టెస్సెల్లాటా. ఇది బెరడును పట్టుకుని కూర్చుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. లేత పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్లు, నడుమ పెదవిలా కనిపించే ఊదా రేకు, మంచి వాసన దీని పువ్వు గుర్తులు. బూడిదరంగులో ఉండే లావాటి వేళ్లు వాన తడి తగలగానే పచ్చబడతాయి. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లోనే దీన్ని వర్ణించాడు. ఆ చరిత్రను వదిలి చట్టాల సంగతికి వస్తాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ మొదటిసారి మొక్కలకు ఒక షెడ్యూలు, అంటే రక్షణ జాబితా, ఇచ్చింది. అప్పుడు అందులో ఉన్న ఆరు పేర్లలో మూడు ఆర్కిడ్లవే, కానీ మన మెట్ట ప్రాంతపు బదనికకు వాటిలో చోటు దక్కలేదు. ఆర్కిడ్లన్నిటికీ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం ఉన్నా, అది దేశం దాటే సరుకును అదుపు చేస్తుందే గాని గొడ్డలిని ఆపదు.

అయినా నా దృష్టిలో ఈ వాదనకు మూలం 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా. చెట్టు కొట్టడానికి అనుమతి ఉండాలని, బదులు మొక్కలు నాటాలని అది చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆనాటి నుంచి చెట్టు ఒక లెక్కగా మారి, పోయినవెన్ని, నాటినవెన్ని అన్నదే ప్రశ్న అయింది. నున్నటి బెరడున్న లేత మొక్క మీద బదనిక నిలవాలంటే ఆ బెరడు ముదిరి, పగుళ్లు పట్టి, తడిని ఆపే దాకా ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

బదనిక బతుకు తీరే అటువంటిది. ఒక్క కాయలో ధూళిలాంటి విత్తనాలు వేలకు వేలు ఉంటాయి, వాటిలో ఆహారపు నిల్వ మాత్రం ఉండదు. తగిన శిలీంధ్రం బెరడు పగులులో దొరికితేనే విత్తనం మొలకెత్తుతుంది. మొలిచినది పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. పూసినా, చాలా ఆర్కిడ్లలో కాయ కట్టే పూలు కొద్దే. అందువల్ల ఇటువంటి దీర్ఘాయువు మొక్కల సంఖ్యను నిలబెట్టేది ఏటా రాలే విత్తనం కాదు, ఇప్పటికే పూస్తున్న ముదురు మొక్క. అది ఉన్న మాను కూలితే దానితోపాటు చుట్టుపక్కల మానులకు విత్తనం పంపే చోటు కూడా పోతుంది. ఈ మొక్క శ్రీలంక నుంచి బర్మా దాకా ఉందన్న మాట నిజమే, కానీ వెలిగొండల కింది ఊరికి ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు.

మందుల కోసం తీసేవారి తప్పు కూడా ఉంది. ఆయుర్వేదంలో రాస్నా పేరుతో వాడే మూలికల్లో దీని వేరు ఒకటి. ఆకురసం చెవిపోటుకు పిండుకునే ఇంట్లో ఒకటి రెండు ఆకులు కోస్తే మొక్క తట్టుకుంటుంది, వేరుతో సహా గోనెల్లోకి ఎక్కితే తట్టుకోదు.

బదనికను ఊడదీసి వేరే మానుకు కట్టవచ్చని మొదటి పక్షం అంటుంది. కట్టవచ్చు, జాగ్రత్తగా చేస్తే బతకవచ్చు కూడా. అయితే దాన్ని ఊడదీయాలంటే ముందు అది ఏ మాను మీద ఉందో తెలియాలి. ఎండాకాలంలో అంకెలు వేసేవారికి బెరడు రంగులో కలిసిపోయిన ఆ వేళ్లు కింది నుంచి ఆనవు. జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడే స్థానిక కమిటీలు ఊరి మొక్కల రిజిస్టరు రాయాలి. ఏ మాను మీద బదనిక ఉందో ఆ రిజిస్టరులో రాసి, అంకెలు వేసేలోపే రోడ్డు అధికారుల చేతికి ఇవ్వాలి.