ఎండలో తిరిగొచ్చిన అమ్మ పాలు చెడిపోతాయా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నిన్న ఓపీకి ఒకమ్మాయి వచ్చింది, పలాసలో జీడిపప్పు ఒలిచే పనికెళ్తుంది, వేళ్ళ కొసలన్నీ నల్లటి జీడి మరకలు. ఒళ్ళో ఐదు నెలల బాబు. "ఎండపడొచ్చిన పాలు పడితే గుంటడికి వేడి సేత్తాదంట మేడమ్, మా అత్త పట్టనివ్వదు" అంది. పగలంతా పట్టక, సాయంత్రం వచ్చాక కూడా పట్టక పాలు తగ్గిపోయాయి, ఇప్పుడు డబ్బా పాలు. పైగా పనికెళ్ళి నేనే పాడుచేశానని ఏడుపు. శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్‌గా ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, ఆ పిల్ల మీద కాదు, పుకారు మోసేవాళ్ళ మీద.

అపోహ: ఎండలో తిరిగితే, గంటలకొద్దీ పట్టకపోతే రొమ్ములో పాలు పులిసిపోతాయి.

వాస్తవం: పులవడానికి అదేమైనా పెరుగు ముంతా? పాలు లోపల చెడిపోవు. ఇంటికి రాగానే చేతులు బాగా కడుక్కుని (జీడి పనివాళ్ళు మరీ బాగా, ఆ రసం తగిలితే ఒళ్ళు పొక్కుతుంది) వెంటనే పట్టెయ్యండి. తియ్యకుండా వదిలేస్తే మాత్రం పాలు తగ్గుతాయి, అది నిజం. అందుకే పని మధ్యలో శుభ్రమైన స్టీలు గిన్నెలోకి పిండి మూతపెట్టండి, మన ఎండలకి బయట నాలుగు గంటలు దాటనివ్వొద్దు, ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు. పొయ్యి మీద కాచకూడదు, గిన్నెని వేడినీళ్ళలో పెట్టి ఉగ్గుగిన్నెతో పట్టండి చాలు.

చెప్పడం తేలికే లెండి. మా పాప పుట్టాక నేను డ్యూటీలో చేరినప్పుడు నైట్‌లో వాష్‌బేసిన్‌లోకి పిండేసి ఏడ్చేదాన్ని, పక్క వార్డులో తల్లులకి ఫ్రిజ్‌లో దాచుకోండమ్మా అని చెప్పింది కూడా నేనే.

అమ్మ పక్కన లేకపోతే పిల్లలు పాడైపోతారా? అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ళతరబడి చూశారు, పూర్తిగా అమ్మే పెంచిన పిల్లలకీ వేరేవాళ్ళ దగ్గర కూడా పెరిగినవాళ్ళకీ ఎదుగుదలలో తేడా కనబడలేదు. ఎక్కువ తేడా తెచ్చింది ఇంట్లో వాతావరణం, చూసేచోటు బాగుందా లేదా అన్నదీ లెక్కలోకొచ్చింది.

ఇక ఇంట్లో ఉండే అమ్మలు. నేను బిడ్డ బరువు రాస్తుంటే వెనకనుంచి మొగుడు "ఇంట్లోనే ఉంటాది కదండీ, మరి ఎందుకు తగ్గింది" అంటాడు. బాబూ, పాపకి వారం నుంచి జ్వరం, అందుకు తగ్గింది! వంటయ్యేదాకా ఫోనిచ్చానని కుమిలిపోయేవాళ్ళూ ఉంటారు. రెండేళ్ళలోపు వద్దు, నిజమే, రేపట్నుంచి రెండు గరిటెలు, ఒక గిన్నె ఇచ్చి దగ్గర కూర్చోబెట్టుకోండి.

సెలవు అడగడానికి మొహమాటపడేవాళ్ళకి: ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు, 50 మంది, ఆపైన పనిచేసేచోట క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు), రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే హక్కు. ఇది చెప్తే పలాస అమ్మాయి "మా కాడ అలాటివేటీ లేవు మేడమ్" అని నవ్వింది. సరే, ముందు పాలు పిండడం నేర్పి పంపాను, సోమవారం అత్తనీ తీసుకురమ్మన్నాను.