"అర్థమైంది, అనుభవమే రాలేదు": ఈ మాట వెనుక పన్నెండు వందల ఏళ్ల వాదం

రెండు మూడేళ్లు వేదాంత పాఠం విన్నవారు తరచూ అనే మాట ఒకటుంది: "అర్థమైంది స్వామీ, ఇంకా అనుభవంలోకి రాలేదు." వినయంగా అనే మాటే. కానీ అందులో ఒక సిద్ధాంతం దాగి ఉంది. శాస్త్రం చెప్పేది సమాచారమేనని, ఆత్మ తెలియాలంటే ఆ తర్వాత ధ్యానంలో ఇంకేదో జరగాలని దాని సారాంశం. అది ఎక్కడ మొదలైందో తెలిస్తే పాఠం వినే తీరే మారుతుంది.

మూలం బృహదారణ్యకంలో ఉంది. "ఆత్మా వా అరే ద్రష్టవ్యః శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః" అని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెబుతాడు. ఆత్మను దర్శించాలి, అందుకు శ్రవణం (గురువు దగ్గర వినడం), మననం (తర్కించి చూడటం), నిదిధ్యాసన (విన్నదానిలో మనసు నిలపడం). ఈ మూడింటిలో ఏది ప్రధానం, ఏవి దానికి తోడ్పడే అంగాలు? తగవంతా ఇక్కడే.

మాట వల్ల పుట్టేది పరోక్ష జ్ఞానమేనని, అంటే నేరుగా కాక విని తెలుసుకున్నదేనని, మండన మిశ్రుడు బ్రహ్మసిద్ధి అనే గ్రంథంలో వాదించాడు. దిక్కు తప్పినవాడికి తూర్పు ఇటని నమ్మకమైనవాడు చెప్పినా భ్రమ వెంటనే వదలదు కదా. అలాగే ఉపనిషత్తు విన్నాక కూడా ఆ జ్ఞానాన్ని ఆవృత్తి చేస్తూ, అంటే మళ్లీ మళ్లీ తలుస్తూ పోవాలన్నాడు. ఇలాంటి పక్షానికే ప్రసంఖ్యాన వాదం అని పేరు.

ఉపదేశసాహస్రి పద్యభాగం 18వ ప్రకరణంలో శంకరులు, నైష్కర్మ్యసిద్ధిలో సురేశ్వరులు దీన్ని ఖండించారు. వారి చేతిలోని ప్రధాన దృష్టాంతం దశముడు. పదిమంది ఏరు దాటారు. ఒడ్డెక్కాక ఒకడు లెక్కపెడితే తొమ్మిదిమందే తేలారు, తనను వదిలేశాడు కనుక. పదోవాడు ఏట్లో పోయాడని ఏడుస్తుంటే దారిన పోయేవాడు ఆగి "పదోవాడు ఉన్నాడు" అన్నాడు. ఇది పరోక్షం. మళ్లీ లెక్కపెట్టించి, తొమ్మిది దాకా రాగానే "పదోవాడివి నువ్వే" అన్నాడు. ఇది అపరోక్షం, నేరుగా తెలియడం. కాశీ గురించి ఎంత విన్నా కాశీ చూసినట్టు కాదు, కాశీ దూరాన ఉంది కనుక. వినేవాడి గురించే చెప్పిన మాటకు ఆ దూరం లేదు.

వాదం అంతటితో ఆగలేదు. శాంకర సంప్రదాయం లోపలే రెండు దారులు ఏర్పడ్డాయి. నిదిధ్యాసనతో పండిన మనస్సే సాక్షాత్కారానికి కరణమని, అంటే అసలు సాధనమని, వాచస్పతి మిశ్రుని భామతి అంటుంది. శబ్దమే కరణం, శ్రవణమే అంగి (ప్రధానం), మిగతా రెండూ అంగాలని ప్రకాశాత్ముని వివరణం అంటుంది. 15వ శతాబ్దికి చెందిన సదానందుని వేదాంతసారం ఈ మూడింటికీ నాలుగోదిగా సమాధిని చేర్చింది. విద్యార్థుల తొలి పుస్తకాల్లో అదొకటి కావడంతో "చివరి మెట్టు నిర్వికల్ప సమాధి (ఆలోచనలన్నీ అణిగిన స్థితి)" అన్న భావం బాగా పాతుకుపోయింది. 1896లో వచ్చిన వివేకానందుని రాజయోగం దానికి ఆధునిక భాషనిచ్చింది.

శ్రవణమే సాధనమైనప్పుడు వినే అర్హత ఎవరికన్న ప్రశ్న చాలా బరువైనది. శూద్రులకు వేదం ద్వారా కాక ఇతిహాస పురాణాల ద్వారానే జ్ఞానమని బ్రహ్మసూత్ర భాష్యం అంది. 1926లో ఏర్పేడులో వ్యాసాశ్రమం స్థాపించిన మలయాళస్వామి ఆ తలుపు తీసి, అన్ని కులాలవారికీ స్త్రీలకూ వేదాంతం బోధించారు. తెలుగునాట శ్రవణ చరిత్రలో ఇంతకంటే పెద్ద అడుగు లేదని నా నమ్మకం.

శబ్దమే కరణమనే వివరణ పక్షం మళ్లీ ముందుకు రావడంలోనూ తెలుగు నేలకు పాత్ర ఉంది. చిన్మయానందుల శిష్యుడు దయానంద సరస్వతి గుడివాడలో ప్రణవానంద స్వామి దగ్గర విన్నప్పుడే, కన్నులాగే వేదాంతమూ ఒక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, అన్న దృష్టి ఆయనకు స్థిరపడింది. తర్వాత ఆయన 1979లో కాలిఫోర్నియాలోని పియర్సీలో, 1990 నుంచి కోయంబత్తూరు దగ్గరి ఆనైకట్టిలో నడిపిన దీర్ఘకాల కోర్సులన్నిటికీ పునాది అదే.

ఇక పాఠంలో జరిగేది చూద్దాం. ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో "తత్త్వమసి" (ఆ బ్రహ్మం నువ్వే) తొమ్మిదిసార్లు వస్తుంది. అందులోని "త్వం" అంటే ఈ దేహమనస్సులున్న వ్యక్తి అనే వాచ్యార్థం (మాటకు నేరుగా వచ్చే అర్థం) పట్టుకుంటే వాక్యం పొసగదు. అల్పజ్ఞుడు సర్వజ్ఞుడు ఎలా అవుతాడు? పొసగని వాక్యాన్ని కొందరు మంత్రంలా జపిస్తారు, కొందరు అది ఒకనాడు అనుభవమవుతుందని ఎదురుచూస్తారు. ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. అందుకే మంచి గురువు "తత్త్వమసి" వంటి మహావాక్యానికి తొందరపడరు. ఐదు కోశాల నుంచి, మెలకువ, కల, నిద్ర అనే మూడు అవస్థల నుంచి, చూడబడేదాని నుంచి చూసేవాణ్ణి విడదీసే పంచకోశ, అవస్థాత్రయ, దృగ్దృశ్య వివేకాలతో "త్వం" అనే పదానికి అసలు అర్థం తేల్చడానికే ఎక్కువ కాలం ఇస్తారు.

అప్పటికీ ఫిర్యాదు మిగిలితే అడ్డు ఏదో తేల్చుకోవాలి. ఉపనిషత్తు నిజంగా అద్వైతమే చెబుతోందా అన్న అనుమానం ప్రమాణగత అసంభావన, అంటే శాస్త్రం మీది సందేహం. ఉపక్రమోపసంహారాలు (మొదలు, ముగింపు) మొదలైన ఆరు లింగాలతో, అంటే తాత్పర్యం తేల్చే గుర్తులతో, చేసే శ్రవణం దానికి మందు. చెబుతోంది సరే, అది సాధ్యమా అన్నది ప్రమేయగతం, అంటే శాస్త్రం చెప్పే విషయం మీది సందేహం, దానికి మననం. రెండూ తీరాక కూడా పాత అలవాటు కొద్దీ "నేను ఈ దేహాన్నే" అనిపించడం విపరీత భావన, దానికి నిదిధ్యాసన. శ్రవణం లోపిస్తే ధ్యానం ఎన్ని గంటలు చేసినా ఆ అనుమానం కదలదు.

ఈ మూడోదాన్ని ఓపికగా చూడటానికి పంచదశి ఏడో ప్రకరణం తృప్తిదీపం అక్కరకొస్తుంది. ప్రారబ్ధం (ఫలించడం మొదలైన పూర్వకర్మ) గురించి చెబుతూ విద్యారణ్యులు దశముడి కథను కొంచెం ముందుకు నడిపారు. అతను ఏడుస్తూ తల బాదుకున్నాడు. "నువ్వే" అనగానే ఏడుపు ఆగింది. తలమీది గాయం మాత్రం మెల్లగా, నెలకు గానీ మానలేదు. పదోవాడు చావలేదన్న సంతోషం ఆ నొప్పిని కప్పేసిందట.