పట్టువిడుపులు తెలిసిన లోహం

గ్లాసు నీళ్ళలో అర చెంచా వంటసోడా కలిపి, 9 వోల్టుల బ్యాటరీకి రెండు వైర్లతో తగిలించిన పెన్సిల్ ముక్కలు ముంచి చూడండి. మైనస్ వైపు పెన్సిల్ మొన మీద సన్నటి బుడగలు పుట్టుకొస్తాయి. కాసేపు అక్కడే అతుక్కుని, కాస్త పెరిగాక విడిపోయి పైకి లేస్తాయి. అదే హైడ్రోజన్.

నీటిని విడగొట్టడానికి లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఫ్యాక్టరీల్లో మాత్రం 1.8 నుంచి 2 వోల్టుల దాకా పెట్టాల్సి వస్తుంది. అందుకే కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఈ అదనపు ఖర్చును తగ్గించేది ఎలక్ట్రోడ్ (మన పెన్సిల్ ముక్కలా నీటిలో ముంచి కరెంటు పంపేది) మీద ఉండే ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగంగా నడిపించే పదార్థం.

దాని పని హైడ్రోజన్ పరమాణువును పట్టుకోవడం, ఇంకొకటి దొరకగానే జత చేసి వదిలేయడం. టంగ్‌స్టన్ పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. బంగారానికి పట్టే సరిగా చిక్కదు. ప్లాటినానికి పట్టూ తెలుసు, విడుపూ తెలుసు. కానీ దాని ధర మనకు తెలిసిందే.

అందుకే నానో కణాలు, అంటే కొన్ని నానోమీటర్ల (మీటరులో వందకోట్లో వంతు ఒక నానోమీటరు) ముక్కలు. సెంటీమీటరు పాచికంత ప్లాటినం 21 గ్రాములు తూగుతుంది, దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లే. అదే ముక్కను 10 నానోమీటర్ల పాచికలుగా కోస్తే, అన్నిటి ఉపరితలం కలిపి 600 చదరపు మీటర్లు, అంటే 700 గజాల పైమాటే! 2 నానోమీటర్లకు దిగితే దాదాపు సగం పరమాణువులు పైకి వచ్చి పనిలో పడతాయి.

క్షార ద్రావణంలో మాత్రం ప్లాటినం నెమ్మదిస్తుంది. ఆమ్లంలో అయితే హైడ్రోజన్ అయాన్లు సిద్ధంగా దొరుకుతాయి. క్షారంలో ముందు నీటి అణువునే విరగ్గొట్టాలి, ఆ పని ప్లాటినానికి అంతగా చేతకాదు. 2011లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ప్లాటినం మీద అక్కడక్కడా నికెల్ హైడ్రాక్సైడ్ నలుసులు పేర్చారు. వేగం 8 రెట్లు పెరిగింది. నికెల్ నలుసు నీటిని విరిచి అందిస్తుంటే, పక్కనే ఉన్న ప్లాటినం హైడ్రోజన్‌ను అందుకుంటోంది. ఆ రెండూ కలిసే సరిహద్దులోనే అసలు పని జరుగుతోంది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఇదే.

అయితే ఈ కణాలు ఉన్నచోట ఉండవు. వాటిని పరిచే కార్బన్ పొడి మీద జారి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చిన్నవి కరిగి, పెద్దవాటి మీద పేరుకుంటాయి. మన 700 గజాలు కరుగుతూ వస్తాయి. విశాఖ దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అలాంటి చోట యంత్రం ఏళ్ళ తరబడి నడవాలి. అందుకే కొత్త ఉత్ప్రేరకం వచ్చిందంటే మొదటి గంటలో ఎంత వేగం చూపిందన్నది తర్వాత, వెయ్యో గంటలో ఎలా ఉందన్నదే నేను ముందు వెతుకుతాను.