రాజు ముందు దుమ్ము, చప్పట్లు

ఘనా రాజు ఎదుటికి వచ్చిన జనం మోకాళ్ల మీద వంగి నెత్తిన దుమ్ము చల్లుకునేవాళ్లు. ముస్లింలు మాత్రం చప్పట్లు కొడితే సరిపోయేది. 1068లో అల్ బక్రీ అనే అరబ్బు భూగోళవేత్త రాసిన సంగతి ఇది. (ఆ పాత ఘనా ఇప్పటి ఘనా దేశానికి చాలా ఉత్తరాన, మౌరిటానియా, మాలి వైపు ఉండేది.)

ఆ చప్పట్ల దగ్గరే పశ్చిమ ఆఫ్రికా రాజకీయం మలుపు తిరిగిందని నాకనిపిస్తుంది. రాజు ముస్లిం కాదు. అయినా దుబాసీలు, ఖజానా చూసేవాడు, మంత్రుల్లో ఎక్కువమంది ముస్లింలే. సహారా దాటి జరిగే వర్తకమంతా వాళ్ల చేతుల మీదుగా నడిచేది మరి. గాడిద మోత ఉప్పు లోపలికొస్తే ఒక దీనారు, బయటికెళ్తే రెండు దీనార్లు సుంకం. ఈ లెక్కలకు రాత వచ్చినవాళ్లు కావాలి. ఆ రాత అరబీ. మతం మారకుండానే రాజు దాన్ని కొలువులో పెట్టుకున్నాడు.

ఘనా తర్వాత బలపడ్డ మాలి రాజ్యంలో రాజులే ముస్లింలయ్యారు. 1324లో హజ్‌కు వెళ్తూ కైరోలో ఆగిన మాలి రాజు మన్సా మూసాను (మన్సా అంటే రాజు) ఈజిప్టు సుల్తాను ముందు నేలను ముద్దాడమంటే ససేమిరా అన్నాడు. చివరికి తనను పుట్టించిన దేవుడికే మొక్కుతున్నానని చెప్పి వంగాడు. మరి సొంత గడ్డ మీద? ఆయన తమ్ముడు మన్సా సులేమాన్ కొలువును 1352లో ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు చూశాడు. నెత్తిన దుమ్ము పోసుకోవడం అలాగే ఉంది. పండగనాడు ఈకల వేషం కట్టి, పక్షి ముఖం తొడుక్కున్న కవులు రాజుకు పాత రాజుల ఘనత వినిపించారు. ఇబ్న్ బతూతాకు అదేం నచ్చలేదు. నేనైతే సులేమాన్‌ను తప్పుపట్టను. నమాజు వర్తకులను దగ్గర చేస్తుంది, కానీ పల్లెజనం రాజును రాజుగా గుర్తుపట్టేది ఆ పాత మర్యాదల్లోనే.

మాలి తర్వాత పైకొచ్చిన సొంఘాయ్ రాజ్యానికొచ్చేసరికి వ్యవహారం ముదిరింది. 1493లో సున్నీ వంశాన్ని (ఇక్కడ సున్నీ అంటే రాజబిరుదు) కూలదోసిన సేనాని అస్కియా ముహమ్మద్‌కు పుట్టుకతో గద్దె మీద హక్కు లేదు. హజ్‌కు వెళ్లి ఖలీఫా బిరుదు తెచ్చుకున్నాడు. పాత రాజు సున్నీ అలీ అసలు ముస్లిమేనా అని అల్ మగీలీ అనే పండితుణ్ణి అడిగాడు. కాదని జవాబొచ్చింది. దాంతో తిరుగుబాటే ధర్మమైపోయింది.

ఆ జవాబులు కాగితం మీద నిలిచిపోయాయి. మూడు వందల ఏళ్ల తర్వాత, 1804లో, ఇప్పటి ఉత్తర నైజీరియాలో ఉస్మాన్ దాన్ ఫోదియో అనే పండితుడు హౌసా రాజుల మీద జిహాద్ మొదలుపెట్టాడు. ఆ రాజులు గద్దెకు తగరని చెప్పడానికి మళ్లీ అల్ మగీలీ మాటలే చూపించాడు. 1808లో హౌసా రాజ్యాల్లో ఒకటైన గోబిర్ రాజధాని అల్కలావా పడిపోయింది. ఆ జిహాద్‌తో ఏర్పడ్డ సొకోటో రాజ్యానికి పండితుడి ఇంటివాళ్లే పాలకులయ్యారు.